సమ్మె చేస్తే ఈఎస్ఐ కార్డు పోతుందా?

ఫ్యాక్టరీలో సమ్మె మొదలవగానే కార్మికుల చెవిన పడే బెదిరింపు ఇది: 'రేపటి నుంచి మీ ఈఎస్ఐ పనిచేయదు.' ఇంట్లో డయాలసిస్ మీద ఉన్న తల్లో, నెలలు నిండిన భార్యో ఉన్నవాడు ఆ మాటకే సగం చచ్చిపోతాడు. భయపడకండి. ఈఎస్ఐ యజమాని దయ కాదు. మీ జీతంలోంచి 0.75 శాతం, యాజమాన్యం వాటాగా 3.25 శాతం జమై వచ్చిన హక్కు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు ఫలం వచ్చే జనవరి నుంచి జూన్ దాకా అందుతుంది. అక్టోబరు-మార్చి చందాది జూలై-డిసెంబరులో. కాబట్టి అర్హతకు సరిపడా చందా ముందే పడి ఉంటే, ఫిబ్రవరిలో సమ్మెకు దిగినంత మాత్రాన డిస్పెన్సరీ తలుపు మూసుకోదు.

అసలు ప్రమాదం కంప్యూటర్లో ఉంది. నెలనెలా చందా వివరాలు నింపేటప్పుడు, పనిరోజులు సున్నా అయితే యాజమాన్యం కారణం చూపాలి. 'సమ్మె లేదా లాకౌట్' అని విడిగా ఒక కారణం ఉంది. దాన్ని వదిలేసి 'ఉద్యోగం మానేశాడు' అని ఎక్కించి, చివరి పనిదినం వేసేస్తే మీరు రికార్డుల్లో కార్మికులే కారు. ఇది ఘోరమైన అన్యాయం. సమ్మె మొదటి వారంలోనే మీ ఐపీ (బీమా) నంబరుతో వివరాలు చూసుకోండి. తప్పు కనబడితే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. సమ్మె నోటీసు నకలు జతచేయండి.

జబ్బు సెలవు డబ్బు సంగతి వేరు. దానికి చందా కాలంలో 78 రోజులు చందా పడాలి. సమ్మెలో ఉన్న రోజులకు ఆ డబ్బు మామూలుగా రాదు. కానీ ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నా, సమ్మె నోటీసుకు ముందునుంచే ఆ డబ్బు అందుకుంటున్నా మినహాయింపు ఉంది. 1950 నాటి ఈఎస్ఐ సాధారణ నిబంధనల్లో 99-ఏ చూడండి. పాత ఈఎస్ఐ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది కనుక అర్జీలో పాత సెక్షన్ నంబర్లు వేసేముందు సరిచూసుకోండి.

యూనియన్ నాయకులకు ఒక మాట. సమ్మె సాగేకొద్దీ వచ్చే ఆరు నెలల అర్హత కరిగిపోతుంది. రాజీ ఒప్పందంలో సమ్మె రోజులకు జీతం ఒప్పుకుంటే, దానిమీద ఈఎస్ఐ చందా కూడా కట్టాలని తప్పక రాయించండి. జీతం పెంపు మీద గంటలు వాదించి, ఈ ఒక్క వాక్యం వదిలేయకండి.