భీమిలిలో మూడు రోజులు

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది. విశాఖ దగ్గర రద్దీ లేని తీరంలో కాటేజీ తీసుకోవాలనుంది. ఎక్కడ బాగుంటుంది?

జవాబు: గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం (భీమిలి) వైపు చూడండి. ఇక్కడ సూర్యోదయం సముద్రం మీదే కాబట్టి తూర్పు వరండా ఉన్న గది అడగండి. మొదటి రోజు ఊళ్లోని డచ్చివారి సమాధులు, సాయంత్రం బీచ్ చాలు. రెండో రోజు ఎండెక్కకముందే ఎర్రమట్టి దిబ్బలు, ఆపైన తొట్లకొండ బౌద్ధారామం చూడండి. మూడో రోజు పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కితే బొర్రా గుహల దగ్గర దిగొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అలలు నెమ్మదిగా కనిపించినా లోపలికి లాగేస్తాయి. స్థానికులు వద్దన్నచోట దిగకండి.