అవగాహన: తెరచాప బోర్డు పాతదా, కొత్తదా?

ఆటోనగర్ షెడ్లలో ఫైబర్ పని చూశారా? అచ్చులో గ్లాస్ మ్యాట్ పరిచి, రెసిన్ పట్టించి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. విండ్ సర్ఫింగ్ బోర్డూ ఆ కోవలోని సరుకే. లోపల నురుగు దిమ్మ, పైన గాజునార, రెసిన్. దాని మీద నిలబడి, తెరచాపను చేతుల్తో పట్టుకుని గాలికి నడపడమే ఆట. పోటీ పరీక్షల కరెంట్ అఫైర్స్‌లో బోర్డు పేరు అడుగుతారు. అది నీళ్లలో ఎలా పరుగెడుతుందన్నది జనరల్ సైన్స్. ఆ రెండోది పట్టుబడితే మొదటిది బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

పేర్లు, సంవత్సరాలు

అమెరికాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ 1968లో ఈ తెరచాప బోర్డు పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1958లోనే పీటర్ చిల్వర్స్ అనే కుర్రాడు ఇలాంటిదే నడిపాడని తేలడంతో బ్రిటన్ కోర్టు అక్కడి పేటెంటు చెల్లదంది. మేధో సంపత్తి హక్కుల పాఠం చదివేవారికి ఇది పనికొచ్చే ఉదాహరణ.

ఒలింపిక్స్‌లోకి ఈ ఆట 1984లో లాస్ ఏంజెలెస్‌లో వచ్చింది. మహిళలకు విడిగా పోటీ 1992 బార్సిలోనా నుంచి. మొదటి బోర్డు విండ్‌గ్లైడర్. 1988, 1992లలో లెక్నర్, 1996 నుంచి 2004 దాకా మిస్ట్రాల్, 2008 నుంచి టోక్యో దాకా ఆర్‌ఎస్:ఎక్స్, 2024 పారిస్‌లో ఐక్యూఫాయిల్. హాంకాంగ్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం 1996లో లీ లై షాన్ తెచ్చింది, ఇజ్రాయెల్‌కు తొలి స్వర్ణం 2004లో గాల్ ఫ్రిడ్‌మన్ తెచ్చాడు. ఇద్దరివీ మిస్ట్రాల్ మీదే.

ఇప్పుడు కొలతలు చూడండి. మిస్ట్రాల్ పొడవు 372 సెంటీమీటర్లు, వెడల్పు 63.5. ఆర్‌ఎస్:ఎక్స్ 286, 93. ఐక్యూఫాయిల్ 220, 95. పొడవు తరుగుతూ పోయింది, వెడల్పు పెరిగింది. ఎందుకు?

పొడవు చేసే మేలు

నీటిని చీల్చుకుంటూ పోయే ఏ పడవైనా ముందొక అలను, వెనకొక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగి పడవ పొడవుతో సమానమవుతుంది. అక్కణ్ణుంచి పడవ తన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది, అందుకే వేగం అక్కడ ఆగిపోతుంది. సూత్రం: వేగం (నాట్లలో) = 2.43 × √పొడవు (మీటర్లలో). ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.

లెక్క కడదాం. మిస్ట్రాల్‌కు సుమారు 4.7 నాట్లు, అంటే గంటకు 8.7 కిలోమీటర్లు. ఐక్యూఫాయిల్‌కు 3.6 నాట్లు, గంటకు 6.7 కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. అంత దూరం పోవడానికి పాత బోర్డుకు ఎనిమిదిన్నర నిమిషాలు, కొత్తదానికి 11 నిమిషాలు. కొత్తదే వెనకబడింది! గాలి మందంగా ఉన్నంతసేపూ సంగతి ఇంతే.

వెడల్పు చేసే మేలు

దమ్ము చేసిన మడిలో చదును చెక్క మీద నిలబడి ఎడ్లను తోలడం గుర్తుచేసుకోండి. ఎడ్లు ఆగితే చెక్క బురదలో దిగబడుతుంది. సాగితే పైకి తేలి జారుతుంది. బోర్డూ అంతే. నిలిచి ఉన్నప్పుడు దాన్ని మోసేది ఆర్కిమిడిస్ సూత్రం, అంటే తొలగిన నీటి బరువు. వేగం అందుకున్నాక అడుగున కొట్టే నీరే దాన్ని పైకి నెడుతుంది. దీన్ని ప్లేనింగ్ అంటారు. లెక్నర్ అడుగు పడవలా గుండ్రం కాబట్టి చీల్చడానికే అనువు. మిస్ట్రాల్ అడుగు చదును. ఆర్‌ఎస్:ఎక్స్ అయితే వెడల్పూ కలిసొచ్చి ఇంకా తక్కువ గాలికే జారడం మొదలుపెడుతుంది.

నీటిని వదిలిన బోర్డు

ఐక్యూఫాయిల్ కింద 95 సెంటీమీటర్ల నిలువు కమ్మీ, దాని చివర చిన్న రెక్కలు ఉంటాయి. విమానం రెక్క చేసే పనే ఇవి నీళ్లలో చేస్తాయి. నీటి సాంద్రత గాలికన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ కాబట్టి చిన్న రెక్క చాలు. పైకెత్తే బలం వేగం వర్గానికి అనులోమానుపాతం. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. సుమారు 8 నాట్ల గాలికి బోర్డు నీటిని పూర్తిగా వదిలేస్తుంది, ఇక అలల గొడవే లేదు. 20 నాట్ల వేగం అందుకుంటే బ్యారేజీ పొడవును రెండు నిమిషాల్లో దాటేస్తుంది. ఇందాక 11 నిమిషాలు పట్టింది ఈ బోర్డుకే సుమా.

మన నీళ్లలో ఏది మేలు?

బ్యారేజీ ఎగువన, మెల్లగా పైరగాలి వీచే సాయంత్రం నన్నడిగితే పాతదే దింపమంటాను. గాలి చాలకపోయినా నడుస్తుంది. పైగా గుర్రపు డెక్క ఉంది కదా! పాత బోర్డు నడుమనున్న పలకను అడ్డొస్తే పైకి లాగేసుకోవచ్చు. ఫాయిల్ కమ్మీకి డెక్క వేళ్లు చుట్టుకుంటే బోర్డు ఒక్కసారిగా కిందపడి మనిషి ముందుకు ఎగిరిపడతాడు. మంగినపూడి దగ్గర సముద్రపు గాలికి కొత్తదే బాగుంటుంది. అయితే కమ్మీ నేలకు తగలకుండా మీటరుకు పైగా లోతు వచ్చేదాకా బోర్డును మోసుకుపోవాలి. పారిస్‌లో ఆడారు కాబట్టి కొత్తదే అన్నిటా గొప్పదని రాస్తే సగం మార్కులే.

మన పతకం

2022 ఆసియా క్రీడలు 2023లో హాంగ్‌ఝౌలో జరిగాయి. అక్కడ పాత ఆర్‌ఎస్:ఎక్స్, కొత్త ఐక్యూఫాయిల్ రెండింటిలోనూ పోటీలు పెట్టారు. పురుషుల విభాగంలో భారత్‌కు ఎబాద్ అలీ కాంస్యం తెచ్చాడు. కొత్త పేరు వినపడుతోంది కదా అని తొందరపడి ఐక్యూఫాయిల్ గుర్తించకండి. జవాబు ఆర్‌ఎస్:ఎక్స్.