చిన్న పడవ - పెద్ద నీళ్లు

"ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అన్నారు మన పెద్దలు. జాగ్రత్తల విషయంలో మనమూ అంతే. ఎక్కడో పడవ మునిగితే నాలుగు రోజులు లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఐదో రోజు మరచిపోతాం.

మిత్రులారా! మన హాస్టల్లో ఏటి గట్టున, చెరువు పక్కన పెరిగినవాళ్లం చాలామందిమి ఉన్నాం. "మాకు ఈత వచ్చు" అనే ధీమా మనకు ఎక్కువ. పెద్ద నీళ్లలో ఆ ధీమా ఒక్కటే చాలదు. సెలవులకు ఇళ్లకు వెళ్లేముందు ఈ నాలుగు మాటలు చదువుకుందాం.

కెనూ, కయాక్ అంటే?

పైభాగం తెరచి ఉండి, ఒక పలక తెడ్డుతో నడిపే సన్నని పడవ కెనూ. కొల్లేటి తాటి దోనె దీనికి చుట్టమే. కయాక్ పైభాగం మూసి ఉంటుంది. కూర్చునే చోటే ఖాళీ. తెడ్డుకు రెండు చివరలా పలకలుంటాయి. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు దీన్ని సీల్ చర్మంతో చేసుకొని వేటకు వాడేవారు. ఇప్పుడివి ఒలింపిక్ క్రీడలు కూడా. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ కెనూలో మన దేశానికి కాంస్యం తెచ్చారు.

ఎందుకు బోల్తా పడుతుంది?

మన సైన్సు పాఠంలోని గరిమనాభి ఇక్కడ పనికొస్తుంది. కూర్చుంటే బరువు కిందికి ఉంటుంది. లేచి నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. అప్పుడు ఇరుకైన పడవ కాస్త ఒరిగినా తిరగబడుతుంది. ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు జరిగినా అంతే.

రెండో కారణం గాలి. నీటి మీద గాలి ఎంత దూరం అడ్డు లేకుండా వీస్తే అలలు అంత పెద్దవవుతాయి. అందుకే ఊరి కుంట వేరు, నాగార్జునసాగర్ జలాశయం వేరు. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలి మరీ మోసకారి. ఒడ్డున నీళ్లు నిలకడగా కనిపిస్తాయి, పోవడం సులువు, తిరిగి రావడమే కష్టం.

ఒడ్డునే చేయవలసినవి

1. లైఫ్ జాకెట్ వేసుకొని పట్టీలన్నీ బిగించాలి. పక్కన పెట్టుకుంటే లాభం లేదు.
2. వాతావరణం కనుక్కోవాలి. ఉరుము వినబడితే దిగకూడదు.
3. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఒకరికి చెప్పాలి. ఒంటరిగా వెళ్లకూడదు.
4. పడవ మోయగలిగినంత మందే ఎక్కాలి.
5. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, ఒడ్డు వెంబడే సాగాలి. అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే సాయపడుతుంది.
6. మెడలో ఒక ఈల ఉండాలి. కేక కన్నా అది దూరం వినిపిస్తుంది.

బోల్తా పడితే?

పడవను వదలకూడదు. తిరగబడినా అది చాలావరకు తేలుతూనే ఉంటుంది. వెతికేవారికి మన తల కన్నా పడవే ముందు కనిపిస్తుంది. ఒడ్డు దగ్గరలో ఉన్నట్టే అనిపిస్తుంది గాని, బట్టలు తడిసి బరువెక్కాక ఈత వచ్చినవాడూ అలసిపోతాడు.

ఒడ్డున ఉన్నవాళ్లం వెంటనే దూకకూడదు. మునిగేవాడు రక్షించేవాణ్ణీ కిందికి లాగుతాడు. తాడు, గడ, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది అందించి 112కు ఫోన్ చేయాలి.

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పెద్ద బోటు మునిగింది. అప్పుడు 26 మంది ప్రాణాలు దక్కాయి. వారిని ఒడ్డుకు చేర్చినవి తూటుగుంట గ్రామస్థుల నాటు పడవలు. లైఫ్ జాకెట్ ఉండబట్టే బతికామని బయటపడినవారిలో కొందరు చెప్పారు. పడవ చిన్నదైనా తెలిసినవాడి చేతిలో ప్రాణం నిలుపుతుంది.

మన చదువు కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లున్నారు. వాళ్ల కోసమైనా ఈసారి పడవ ఎక్కే ముందు ఆ పట్టీలు బిగించుకుందాం. పక్కనున్న తమ్ముడికీ బిగిద్దాం.