విభక్తి వంటి ఆర్.ఎన్.ఏ. – క్యాన్సర్ వ్యాధి

కణములు కట్టుబాటు తప్పి విభజన చెందుటయే క్యాన్సర్. ఆ కట్టుబాటును నడుపునది జన్యువులని మనము చదువుకొన్నాము. డి.ఎన్.ఏ.లోని సందేశమును ఆర్.ఎన్.ఏ. మోసికొనిపోవును, తదనుసారముగా మాంసకృత్తులు తయారగును. ఇది తొలిపాఠము. కాని మాంసకృత్తులకు సంకేతమిచ్చు భాగము మన డి.ఎన్.ఏ.లో నూటికి రెండు వంతులకు మించదు. మిగిలిన దానిలో అధికభాగమును 1972లో సుసుము ఓనో అను శాస్త్రజ్ఞుడు ‘చెత్త’ యనెను.

ఆ భాగమునుండియు ఆర్.ఎన్.ఏ.లు వెలువడుచున్నవని తరువాత తేలినది. వానిలో 200 న్యూక్లియోటైడులకు మించిన పొడవు గలిగి, మాంసకృత్తులను నిర్మింపని వానిని దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ.లందురు. మరి వాని ప్రయోజనమేమి? వ్యాకరణము చదివిన మనకిది సులభగ్రాహ్యము. విభక్తి ప్రత్యయమునకు స్వతంత్రార్థము లేదు. అయినను ‘నక్క మేకను తరిమెను’ అనుదానిలోని ‘ను’ స్థానము మారి ‘నక్కను మేక తరిమెను’ అయినచో కథయే తలక్రిందులగును.

హాటేర్ అను ఆర్.ఎన్.ఏ. ఇట్టిదే. 2007లో వెల్లడియైన ఇది, జన్యువుల నోరు మూయించు మాంసకృత్తుల సముదాయమును తగిన చోటికి నడిపించునని పరిశోధకులు తెలిపిరి. రొమ్ము క్యాన్సర్‌లో ఇది మితిమీరినచో ఆ సముదాయము అన్యస్థానములకు చేరి, వ్యాధి ఇతర అవయవములకు ప్రాకుటకు తోడ్పడునని 2010లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది.

రోగికి దీనివలన మేలేమి? పి.సి.ఏ.3 అను ఆర్.ఎన్.ఏ. ప్రోస్టేట్ క్యాన్సర్ కణములలో విశేషముగా పెరుగును. మూత్రములో దానిని కొలువవచ్చును. మొదట కండముక్క తీసి చూచినప్పుడు వ్యాధి కనబడని పురుషునకు మరల ఆ బాధ అవసరమా యని నిర్ణయించుటకు తోడ్పడు ఈ పరీక్షను 2012లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆమోదించినది.

అయినను తొందరపాటు తగదు. మలాట్1 అను ఆర్.ఎన్.ఏ. ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాప్తికి సూచికయని 2003లో వెల్లడియైనది. 2018లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధనలో అదియే రొమ్ము క్యాన్సర్ వ్యాప్తిని అడ్డగించుచున్నట్లు తేలినది. ఒకే ప్రత్యయము వాక్యమును బట్టి వేర్వేరు పనులు చేయునట్లే, ఒకే ఆర్.ఎన్.ఏ. కణమును బట్టి మిత్రమో శత్రువో కావచ్చును. కావున ఒక్క ఫలితమును చూచి ఔషధము దొరికినదని సంబరపడరాదు.

విద్యార్థులారా! అర్థము తెలియనిదంతయు నిరర్థకము కాదు. నిన్న చెత్తయని త్రోసివేసిన దానిలోనే నేడు రోగనిర్ణయమునకు ఆధారము లభించినది. తెలియనిదానిని తృణీకరింపక పరిశీలించుటయే విద్యకు ప్రథమ లక్షణము.