కుటుంబ వైద్యుడు

మనకు జ్వరము వచ్చినప్పుడు మొట్టమొదట ఎవరియొద్దకు పోవుదుము? పెద్ద ఆసుపత్రికి గాని, శస్త్రచికిత్సకుని యొద్దకు గాని పోము. మన వీధిలోనో, ప్రక్క వీధిలోనో ఉన్న వైద్యుని యొద్దకు పోవుదుము. తాతకును, తండ్రికిని, మనుమనికిని చికిత్స చేయుచు, ఆ యింటి మంచిచెడ్డ లెరిగియుండు ఇట్టివానినే కుటుంబ వైద్యు డందురు.

నా చిన్నతనమున మా పట్టణములో అట్టి వైద్యు లొకరుండెడివారు. వారి గదిలో ఒక మేజా, రెండు పొడుగు బల్లలు, అరలనిండ మందుసీసాలు మాత్రమే యుండెడివి. మా తండ్రిగారి నాడి చూచుచు, "మీ తండ్రిగారికిని ఇదే దగ్గు. చుట్ట మానితిరా, లేదా?" అని గద్దించెడివారు. మా యింటి చరిత్రమంతయు వారికి కంఠస్థము. అర్ధరాత్రి తలుపు తట్టినను విసుగుకొనెడివారు కారు. అయితే వారికి నిద్ర యెప్పుడు, భోజన మెప్పుడు అని మేమెన్నడును ఆలోచింపలేదు.

ఇట్టి దీర్ఘపరిచయము మర్యాద కొఱకే కాదు, ప్రాణరక్షణకును తోడ్పడును. నార్వే దేశమున 2001 నుండి ప్రతి పౌరునికిని ఒక నియత వైద్యుని ఏర్పరచు పద్ధతి కలదు. అక్కడ జరిగిన యొక పరిశోధన 2021లో వెలువడినది. ఒకే వైద్యునితో 15 ఏండ్లకు మించి సంబంధము కలవారిని, ఒక్క యేడాది సంబంధము కలవారితో పోల్చి చూచిరి. మొదటివారిలో మరణావకాశము సుమారు 25 శాతము తక్కువగా నుండెను. అత్యవసరముగా ఆసుపత్రిలో చేరవలసి వచ్చుటయు అట్లే తగ్గెను. కారణ మూహించుట కష్టము కాదు. ఎరిగిన వైద్యుడు మన ముఖములోని చిన్నమార్పును సైతము గుర్తించును. మనమును ఎరిగినవారి యొద్ద నిజము దాచము.

నగరములు పెరిగినకొలది ఈ బంధము సడలినది. హైదరాబాదు నగరమున ఉస్మానియా, గాంధీ వంటి మహావైద్యశాలలు కలవు. కాని కూలివాడు చిన్న దగ్గునకై అచ్చటికి పోయినచో ఆనాటి కూలి పోవును. ఈ యిబ్బందిని తొలగించుటకై 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఏర్పడి, సుమారు 50,000 మంది జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని నిర్ణయించెను. అదియును దూరమే యగుటచే 2018లో హైదరాబాదున బస్తీ దవాఖానాలు ఆరంభమైనవి. 5,000 మొదలు 10,000 మంది జనమునకు ఒక దవాఖానా ఉండవలెనని సంకల్పము. అందొక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు ఉందురు. పరీక్షయు మందులును ఉచితము.

గృహము కట్టుట సులభము. అందు దీపము నిలుపుట కష్టము. ఒక్క వైద్యుడే యున్నచోట అతడు జబ్బుపడిన ఎవరు చూచుదురు? ఒప్పందముపై నియమితులైన యువవైద్యులు ఉన్నత విద్యకో, స్థిరమైన ఉద్యోగమునకో వెడలిపోవుట సహజము. అప్పుడు రోగి తన కథ క్రొత్తవానికి మొదటినుండి చెప్పుకొనవలెను. కాలము చాలకుండుట మరియొక కష్టము. 67 దేశముల సమాచారమును పరిశీలించి 2017లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, వైద్యుడు ఒక్కొక్క రోగికి ఇచ్చు కాలము స్వీడనులో 22 నిమిషములకు పైగా నుండగా, మన దేశమున సుమారు రెండు నిమిషములు మాత్రమే. రక్తపు పోటు, మధుమేహము నొప్పి లేకయే పెరుగు వ్యాధులు. రెండు నిమిషములలో వాటి నెట్లు కనిపెట్టుట?

వేల్స్ దేశపు బొగ్గుగనుల పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అను వైద్యుడు 1971లో ఒక సత్యమును లోకమునకు చాటెను: మంచి వైద్యము ఎవరికి మిక్కిలి యవసరమో వారికే అది తక్కువగా లభించుచున్నది. ఆయన దానిని చెప్పి ఊరకుండక, ఆ పల్లెలోనే దశాబ్దములు నిలిచి, పెద్దల రక్తపు పోటును తానే వరుసగా కొలిచెను.

కొంతకాలము క్రిందట నేను నగరములోని ఒక చిన్న వైద్యశాలకు పోయితిని. వరుసలో చాలమంది ఉండిరి. వైద్యురాలు ఒక ముసలమ్మతో ఎంతసేపటికిని మాట చాలింపకుండెను. "ఇంత జాగేమి తల్లీ!" అని నేను కేక వేసితిని. ఆమె కోపింపక, "మాస్టరుగారూ, ఈ అవ్వ మందులు అయిపోయి నెలరోజులైనది. చెప్పుటకు మొగమాటపడినది. ఇప్పుడే బయటపడినది" అనెను. రక్తపు పోటు మిక్కిలి హెచ్చుగా నుండెనట. నేను తలవంచుకొంటిని. మధ్యాహ్నము దాటినను ఆమె మేజాపై అన్నపు క్యారియరు విప్పక యట్లే యుండెను. చిన్ననాటి మా వైద్యుని భోజనమును గూర్చి ఆలోచింపని నేను, అరువదేండ్లు దాటియు మారనైతినని సిగ్గుపడితిని.

బాలబాలికలారా! తగినంతమంది వైద్యులను నియమించుట, వారికి స్థిరమైన ఉద్యోగమును విశ్రాంతిని కల్పించుట ప్రభుత్వము వంతు. పాత చీటీలు భద్రపరచి తీసికొనిపోవుట, ఉన్నది ఉన్నట్లు చెప్పుట, అక్కఱలేని సూదిమందులకై పట్టుపట్టకుండుట, ముందున్న రోగిని చూచువరకు ఓపిక పట్టుట మన వంతు. మనల నెరిగిన వైద్యుడు కావలెనని కోరుదుము. ఆ వైద్యునియు మనుష్యునిగా మన మెరుగవలెను గదా!

ప్రశ్నలు
1. కుటుంబ వైద్యుడనగా నెవరు? దీర్ఘపరిచయమువలన మేలేమి?
2. బస్తీ దవాఖానాలు ఎందుల కేర్పడినవి? వాటిలోని వైద్యుల కష్టములేవి?
3. రచయిత రెండుమారులు సిగ్గుపడుటకు కారణమేమి? అట్టి సందర్భమున మీరేమి చేయుదురు?