మూర్ఛ పేదవాళ్లకే వస్తుందా?

ప్రశ్న: మాది సిరిసిల్ల దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా సూరత్ లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద పని చేస్తున్నాను. మా అబ్బాయికి 19 ఏళ్లు, నాతోపాటే కార్ఖానాకు వస్తాడు. ఈ ఏడాదిలో మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. మూడూ నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దునే. డాక్టర్ మాత్రలు రాశారు. రెండు నెలలు వాడాక బాగానే ఉన్నాడని ఆపేశాం. అమెరికాలో ఉన్న మా చుట్టాలేమో అక్కడ ఈ జబ్బే కనబడదంటున్నారు. ఇది మాలాంటి పేదవాళ్లకే వస్తుందా?
– ఒక పాఠకుడు, సూరత్

జవాబు: ముందు మాత్రల సంగతి. వాటిని మీ అంతట మీరు ఆపడం ప్రమాదం. రేపే డాక్టర్‌ను కలవండి. ప్రైవేటు ఖర్చు భారమైతే సూరత్‌లోనే కార్పొరేషన్ నడిపే స్మీమేర్ ఆసుపత్రి ఉంది, న్యూ సివిల్ హాస్పిటల్ ఉంది. ఫిట్స్ రాకపోవడం మాత్రల వల్లే. సాధారణంగా రెండు మూడేళ్లు ఒక్కసారి కూడా రాకుండా ఉంటేనే, అదీ డాక్టర్ చెప్పిన పద్ధతిలో, మెల్లగా తగ్గిస్తారు. కొన్ని రకాల మూర్ఛకు ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి వస్తుంది.

ఇక మీ ప్రశ్న. అమెరికాలోనే 30 లక్షల మందికి పైగా మూర్ఛతో ఉన్నారు. చాలామందికి మందులతో అదుపులో ఉంటుంది కాబట్టి పక్కవాళ్లకు తెలియదు. కానీ మీ అనుమానంలో నిజం లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూర్ఛ ఉన్నవాళ్లు దాదాపు 5 కోట్లు, అందులో 80 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. ధనిక దేశాల్లో ఏటా లక్షమందిలో సుమారు 49 మందికి కొత్తగా వస్తే, మనలాంటి దేశాల్లో ఆ సంఖ్య 139 దాకా పోతోంది. అంతదూరం ఎందుకు, బెంగళూరు ప్రాంతంలో లక్షమందిని పరిశీలించి 2004లో ప్రచురించిన సర్వేలో పట్నంలో వెయ్యికి 5.7 మందికి, చుట్టుపక్కల పల్లెల్లో 11.9 మందికి మూర్ఛ కనిపించింది. భాష ఒకటే, తిండి ఒకటే, తేడా మాత్రం రెట్టింపు!

పేదల మెదడు వేరుగా ఉండదు, పరిస్థితులే వేరు. కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరాడకపోవడం, మెదడువాపు, హెల్మెట్ లేని ప్రమాదాలు, ఇవన్నీ మూర్ఛను మిగిల్చి పోతాయి. పంది మాంసంతో వచ్చే బద్దెపురుగు ఇంకొకటి. ఆ పురుగు కడుపులో ఉన్నవాళ్ల మలం ద్వారా గుడ్లు నీళ్లకు, కూరగాయలకు చేరతాయి. అవి మన కడుపులోకి పోతే లార్వాలు మెదడులో తిత్తులు కడతాయి. పంది మాంసం ముట్టని శాకాహారులకూ ఇది వస్తుంది. మరుగుదొడ్డి, సబ్బు, కడిగిన కొత్తిమీర కూడా మూర్ఛను ఆపే మందులే అంటాను నేను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం వేరే ఉంది. సరైన వైద్యం అందితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయి. అయినా పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి ఆ వైద్యం అందడం లేదు. ఫినోబార్బిటాల్ లాంటి పాత మందుల ఖరీదు చాలా తక్కువ. కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించి నెలలు పోగొడతారు, కొందరు పెళ్లి సంబంధం చెడుతుందని దాస్తారు. నిజానికి పెళ్లి రద్దుకు మూర్ఛను కారణంగా చూపే నిబంధనను మన దేశం 1999లోనే తీసేసింది.

మీ అబ్బాయి విషయంలో డాక్టర్‌కు ఒకటి తప్పక చెప్పండి: పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసు జారిపోతుందా? ఈ వయసులో వచ్చే ఒక రకం మూర్ఛకు అది గుర్తు. కొన్ని మందులు దాన్ని పెంచుతాయి, కాబట్టి సరైన మందు ఎంచడానికి ఈ ఒక్క మాట బాగా పనికొస్తుంది. నిద్ర తగ్గితే ఫిట్స్ వస్తాయి. అందుకే నైట్ డ్యూటీ మాన్పించండి. ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా తిరిగే సాంచాల దగ్గర, బండి మీద అతన్ని ఉంచొద్దు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. పక్కకు ఒత్తిగిల్లబెట్టి, తలకింద మెత్తటి గుడ్డ ఉంచి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.