కంచే చేను మేస్తే...

మోకాలు గీరుకుపోయినప్పుడు గాయం చుట్టూ ఎర్రబడి ఉబ్బడం మీరు చూసే ఉంటారు. సూక్ష్మజీవులతో పోరాడటానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరాయన్న మాట. మరి శత్రువే లేనిచోట ఈ యుద్ధం మొదలైతే?

శరీరం తనను తాను దెబ్బ తీసుకోకుండా ఏదో అడ్డు ఉంటుందని 1901 ప్రాంతంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ భావించాడు. ఆ అడ్డు ఒక్కోసారి తెగిపోతుందని తర్వాత తేలింది.

ఒక రోగిని ఊహించుకోండి. పాతికేళ్ల యువతి. కీళ్ల నొప్పులు, ఎండలోకి వెళితే బుగ్గల మీద ఎర్రని దద్దురు. వైద్యులు లూపస్ అన్నారు. అంటే, సొంత కణాల కేంద్రకాల మీదే ప్రతిరక్షకాలు తయారయ్యే జబ్బు. కొన్నాళ్లకు కాళ్ల మీద ఊదారంగు మచ్చలు వచ్చాయి. మామూలు ఎరుపైతే గాజుగ్లాసుతో అదిమితే మాయమవుతుంది. ఇవి పోలేదు. ఎందుకని? ఆ రక్తం నాళంలో లేదు, గోడ దాటి చర్మంలోకి కారిపోయింది! తర్వాత ఒక పాదం పైకి లేవడం మానేసింది, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది. మూత్రంలో రక్తం, ప్రోటీను కనిపించాయి.

చర్మం, నరం, మూత్రపిండం. ఈ మూడింటికీ సంబంధమేమిటి? మూడింటికీ రక్తం కావాలి. నరానికి కూడా సన్నని రక్తనాళాలే ఆహారం అందిస్తాయి. నాళం గోడ వాస్తే దారి మూసుకుపోతుంది, బలహీనపడితే రక్తం కారుతుంది. దీన్నే వాస్కులైటిస్ అంటారు.

1866లో జర్మనీలో కుస్‌మౌల్, మాయర్ అనే వైద్యులు 27 ఏళ్ల దర్జీ ఒకరిలో ఇలాంటి జబ్బును వర్ణించారు. ధమనుల వెంట ఉన్న బుడిపెలు అతను చనిపోయాకే వారికి స్పష్టంగా కనిపించాయి. తెల్ల కణాల లోపలి పదార్థం మీద పనిచేసే ప్రతిరక్షకాలను 1982లో ఆస్ట్రేలియా వైద్యులు గమనించారు. కొన్ని రకాల వాస్కులైటిస్‌ను పట్టుకోవడానికి నేడు ఆ రక్తపరీక్షే ఆధారం.

మన రోగిలో రెండు రకాల ప్రతిరక్షకాలూ ఉన్నాయి! చిక్కేమిటంటే, లూపస్ ఒక్కటే ఉన్నా నాళాలు వాయవచ్చు. అందుకే సూదితో మూత్రపిండం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. లూపస్ అయితే అక్కడ ప్రతిరక్షకాలు గుట్టలుగా పేరుకుని ఉంటాయి. రెండో రకంలో అవి దాదాపు కనబడవు.

స్టీరాయిడ్లు, ఇతర మందులు రక్షకదళాన్ని అణచివేస్తాయి. అప్పుడు నిజమైన శత్రువు వచ్చినా ఎదిరించే బలం తగ్గుతుంది. కాబట్టి కొద్దిపాటి జ్వరం వచ్చినా ఆమె ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పులన్నీ తగ్గినా మూత్రపరీక్ష మాత్రం మానకూడదు. మూత్రపిండం పాడవుతున్నా చాలాసార్లు నొప్పి పుట్టదు మరి!